వెల్లింగ్టన్ కవాతు మైదానం నుంచి జకార్తా స్వర్ణం దాకా: గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ జీవితం

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణ పతకం ఇప్పటివరకు రెండుసార్లు మాత్రమే దక్కింది. మొదటిది 1951లో సొంతగడ్డ ఢిల్లీలో లభించగా, రెండవది 1962లో జకార్తాలో, లక్షమంది ప్రేక్షకుల ప్రతికూలత నడుమ లభించింది. ఆ రెండవ విజయాన్ని తలచుకొనే ప్రతి సందర్భంలోనూ గోల్ చేసిన పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్, సారథ్యం వహించిన చునీ గోస్వామి, శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం పేర్లు ముందుగా వినిపిస్తాయి. నాటి తుది పోరులో భారత గోల్‌పోస్టుల నడుమ నిలిచిన ఆరడుగుల పైబడిన సైనికుడి పేరు మాత్రం ఆ తరువాతే వస్తుంది. ఆయనే పీటర్ తంగరాజ్.

హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ మైదానాలలో ఆట నేర్చి, నీలగిరులలోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో సైనికుడిగానూ క్రీడాకారుడిగానూ రూపుదిద్దుకొన్న తంగరాజ్ రెండు ఒలింపిక్ జట్లలోనూ, మూడు ఆసియా క్రీడలలోనూ దేశానికి ప్రాతినిధ్యం వహించారు. గోల్ కొట్టే స్థానంలో ఆట మొదలుపెట్టి, గోల్ కాపాడే స్థానంలో ఖండమంతటా పేరు తెచ్చుకొన్నారు. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే ఒక క్రీడాకారుడి కథతోపాటు, సైనిక శిక్షణ కేంద్రాలు భారత ఫుట్‌బాల్‌కు ఊపిరి పోసిన ఒక కాలం కథ కూడా కళ్ళకు కడుతుంది.

లష్కర్ నేలపై తొలి అడుగులు

తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో జన్మించారు. అది నిజాం పాలన సాగుతున్న కాలం. నగరానికి ఆనుకొని, హుస్సేన్‌సాగర్‌కు ఆవల, మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాద్ పెద్ద సైనిక స్థావరంగా ఎదిగింది. స్థానికులు దానిని లష్కర్ అని పిలిచేవారు. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ ప్రాంతాలలో బారకాసుల పక్కనే విశాలమైన మైదానాలుండేవి. బ్రిటిష్ పటాలాలు ఆ మైదానాలలో సాయంత్రపు వేళ ఫుట్‌బాల్ ఆడేవి. చుట్టుపక్కల పేటల పిల్లలు గట్టున నిలబడి చూసి, సైనికులు వెళ్ళిపోయాక అదే నేలపై బంతి తన్నేవారు. ఆ విధంగా దొరల ఆట బస్తీల ఆటగా మారింది.

ఆ బస్తీల నుంచి వచ్చిన పేర్లు తక్కువేమీ కాదు. అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం, తంగరాజ్ దాదాపు ఒకే ఈడువారు. తరువాతి కాలంలో ఇద్దరూ ఒకే ఒలింపిక్ జట్టులో ఆడారు. తంగరాజ్ ఆట సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆరంభమైంది. ఇలాంటి స్థానిక క్లబ్బులకు ధనబలం ఉండేది కాదు. ఒక బంతి, ఒక మైదానం, ఆదివారం నాటి ఒక పోటీ ఉంటే చాలు, వాటి చుట్టూ ఒక పేట యువతరమంతా చేరేది.

ఆయన కౌమారదశకు వచ్చేసరికి హైదరాబాద్ ఫుట్‌బాల్ దేశమంతటా మారుమోగుతోంది. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్న ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950, 1954 సంవత్సరాలలో డ్యూరాండ్ కప్ కూడా కైవసం చేసుకొంది. పేదింటి యువకుడికి ఫుట్‌బాల్ ఒక ఉద్యోగాన్ని, నెలజీతాన్ని, గౌరవాన్ని ఇవ్వగలదని ఆ విజయాలు నిరూపించాయి. అయితే ఆ దారి యూనిఫాం మీదుగానే వెళ్ళేది. ఆటగాడిగా బతకాలంటే పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో చేరాలి. తంగరాజ్ సైన్యాన్ని ఎంచుకొన్నారు.

నీలగిరులలో కొత్త జన్మ

1953లో, ఇరవై ఏళ్ళు నిండకముందే, తంగరాజ్ మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరారు. మద్రాస్ రెజిమెంట్ మూలాలు 1758 నాటివి. భారత సైన్యంలోని పదాతి దళ రెజిమెంట్లలో అత్యంత ప్రాచీనమైనదిగా దానికి పేరుంది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల యువకులు అందులో ఒకే గొడుగు కింద సేవ చేస్తారు. ఆ రెజిమెంట్ శిక్షణ కేంద్రం నీలగిరి కొండలలో, కూనూరు సమీపాన ఉన్న వెల్లింగ్టన్‌లో ఉంది.

సముద్రమట్టానికి సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ చోట గాలి పలుచన, చలి ఎక్కువ. దక్కన్ పీఠభూమి ఎండలలో పెరిగిన యువకుడికి అక్కడి జీవితం కొత్తదే. వేకువనే లేవడం, శారీరక వ్యాయామం, కవాతు, ఆయుధ శిక్షణ, వేళకు భోజనం, సాయంత్రం ఆటలు. రెజిమెంటల్ సెంటర్ దినచర్యలో క్రీడలు వినోదం కోసం కాక శిక్షణలో భాగంగా సాగేవి. కంపెనీల మధ్య పోటీలు, పటాలాల మధ్య పోటీలు, కమాండ్ల మధ్య పోటీలు, వాటిలో రాణించినవారికి త్రివిధ దళాల ఉమ్మడి జట్టు సర్వీసెస్‌లో చోటు. మైదానంలో ప్రతిభ చూపిన సిపాయికి ఒక్కొక్క మెట్టు ఎక్కే అవకాశం స్పష్టంగా కనిపించేది. వీటన్నిటికీ మించి సైన్యం ఒక క్రీడాకారుడికి ఇచ్చినది నిశ్చింత. రేపటి కూడు గురించి చింత లేకుండా ఏటికేడు ఒకే జట్టుతో, ఒకే శిక్షణలో కొనసాగే వెసులుబాటు అప్పటి క్లబ్బులలో చాలావాటికి లేదు.

తంగరాజ్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో తొలుత సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడారు. గోల్ చేయడమే ఆ స్థానం పని. ప్రేక్షకుల చప్పట్లు, పత్రికలలో పేర్లు, సహచరుల భుజాలపై ఊరేగింపు ఆ స్థానానికే దక్కుతాయి. అక్కడి నుంచి ఆయన గోల్ కీపర్ స్థానానికి మారారు. జట్టులో అందరికంటే ముందు నిలిచే ఆటగాడు అందరికంటే వెనుకకు వెళ్ళడమంటే ఆట గురించిన దృష్టినే మార్చుకోవడం. ఫార్వర్డ్ పది అవకాశాలు వృథా చేసి ఒక్కటి సఫలం చేసినా వీరుడే. గోల్ కీపర్ పది బంతులు ఆపి ఒక్కటి వదిలినా దోషి.

ఆ మార్పు ఆయనకు అచ్చివచ్చింది. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, పొడవైన చేతులు, సైనిక వ్యాయామంతో గట్టిపడిన శరీరం గోల్‌పోస్టుల మధ్య ఒక కోటగోడను తలపించేవి. ఫార్వర్డ్‌గా ఆడిన అనుభవం ఇంకొక విధంగా ఉపకరించగలిగేది. ఎదురుగా దూసుకువస్తున్న ఆటగాడు ఏ పాదంతో, ఏ మూలకు బంతి తన్నాలనుకొంటాడో ఆ స్థానంలో ఆడినవారికి సులువుగా తెలుస్తుంది.

నాటి గోల్ కీపర్ పని నేటి పనికంటే కఠినమైనది. బంతి తోలుతో కుట్టినది. వాన పడితే నీరు పీల్చుకొని రాయిలా బరువెక్కేది. చేతి తొడుగుల వాడకం ఇప్పటిలా సర్వసాధారణం కాదు. బంతి పట్టుకొన్న గోల్ కీపర్‌ను ఎదుటి ఆటగాడు భుజంతో ఢీకొనడానికి నాటి నిబంధనలు అనుమతించేవి. గాయపడితే ప్రత్యామ్నాయ ఆటగాడిని దింపే సౌకర్యం కూడా అప్పట్లో లేదు. ఎత్తు, బలం, ధైర్యం మూడూ లేనివారు ఆ స్థానంలో ఎక్కువకాలం నిలవలేకపోయేవారు.

డ్యూరాండ్ కప్‌లో సైనిక జట్ల వైభవం

1888లో సిమ్లాలో బ్రిటిష్ అధికారి సర్ హెన్రీ మార్టిమర్ డ్యూరాండ్ నెలకొల్పిన డ్యూరాండ్ కప్ మొదటి నుంచీ సైనికుల పోటీ. దాదాపు అర్ధశతాబ్దం పాటు బ్రిటిష్ పటాలాలే దానిని పంచుకొన్నాయి. 1940లో పోటీ ఢిల్లీకి తరలివచ్చింది. ఆ ఏడాదే కలకత్తాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ దానిని గెలిచిన తొలి భారతీయ జట్టుగా నిలిచింది. స్వాతంత్ర్యం తరువాత కలకత్తా క్లబ్బులు, హైదరాబాద్ పోలీసులు ఆ కప్‌పై ఆధిపత్యం సాగించారు. అయినా సైనిక సంస్థలు వెనుకబడలేదు. 1953లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ జట్టు ఫైనల్ వరకు చేరి మోహన్ బగాన్ చేతిలో ఓడింది. కాబోయే అధికారులు చదువుకొనే ఒక సైనిక విద్యాలయ జట్టు దేశంలోని మేటి క్లబ్బుతో తుది పోరు ఆడిందంటే, నాటి సైనిక శిక్షణలో ఫుట్‌బాల్ స్థానమేమిటో ఊహించుకోవచ్చు.

రెండేళ్ళ తరువాత, 1955లో, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ డ్యూరాండ్ కప్ గెలిచింది. అధికారుల అకాడమీకి అందని కప్పును సాధారణ సిపాయిల శిక్షణ కేంద్రం అందుకొంది. సైన్యంలో చేరిన రెండేళ్ళకే తంగరాజ్ దేశంలోని అత్యంత ప్రాచీన ఫుట్‌బాల్ పోటీలో విజేత జట్టు సభ్యుడయ్యారు. 1958లో అదే జట్టు మరోసారి ఆ కప్ సాధించింది. 1957లో కప్ గెలిచినది హైదరాబాద్ సిటీ పోలీస్. అంటే ఆ రెండేళ్ళలో ఢిల్లీ వేదికపై మొదట హైదరాబాద్ జట్టు, ఆ వెంటనే హైదరాబాద్ బిడ్డ గోల్ కాచిన జట్టు విజయం సాధించాయి.

రాష్ట్రాల మధ్య జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీలోనూ ఆయన ముద్ర ఉంది. 1941లో మొదలైన ఆ పోటీలో సర్వీసెస్ జట్టుకు తొలి విజయం 1960-61లో లభించింది. ఆ జట్టు సారథి తంగరాజ్. బెంగాల్, హైదరాబాద్, బొంబాయి వంటి బలమైన జట్లు ఏలుతున్న కాలంలో సైనికుల జట్టుకు ఆ విజయం అపురూపమైనది. ఎంత అపురూపమో తరువాతి చరిత్ర చెబుతుంది. సర్వీసెస్ మళ్ళీ సంతోష్ ట్రోఫీని అందుకోవడానికి 2012 దాకా, అంటే 51 ఏళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది.

మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్

1955లో ఢాకాలో భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ దేశాల మధ్య జరిగిన చతుర్భుజ పోటీతో తంగరాజ్ అంతర్జాతీయ ప్రస్థానం మొదలైంది. ఆ మరుసటి ఏడాదే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళే జట్టులో ఎస్.ఎస్. నారాయణ్‌తోపాటు రెండవ గోల్ కీపర్‌గా స్థానం సంపాదించారు.

భారత ఫుట్‌బాల్ అప్పుడు ఒక మలుపులో ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవారిలో పలువురు బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. ఆ పరాభవం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. శిక్షకుడు రహీం ఆటతీరును ఆమూలాగ్రం మార్చారు. నాలుగేళ్ళకు ఫలితం కనిపించింది. మెల్‌బోర్న్‌లో 1956 డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ నిలిచింది. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తోనూ, కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తోనూ ఓడి నాలుగవ స్థానం పొందింది. హైదరాబాద్ నుంచి అజీజ్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికర్, అహ్మద్ హుస్సేన్, బలరాం వంటివారు సభ్యులుగా ఉన్న ఆ జట్టులో ఇరవై ఏళ్ళు దాటీ దాటని తంగరాజ్ కూడా ఒకరు.

1958 టోక్యో ఆసియా క్రీడలలో భారత్ నాలుగవ స్థానంతో తిరిగివచ్చినా, అదే ఏడాది తంగరాజ్ ఆసియాలో ఉత్తమ గోల్ కీపర్‌గా గుర్తింపు పొందారు. తరువాత రెండుసార్లు ఆసియా ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యారు. నీలగిరి శిక్షణ కేంద్రంలో ఐదేళ్ళ క్రితం రిక్రూట్‌గా చేరిన యువకుడు ఖండం మొత్తంలో మొదటి వరుసకు చేరారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు కఠినమైన వర్గం ఎదురైంది. తొలి ఆటలో బలమైన హంగరీతో తలపడి 2-1తో ఓడింది. ఫ్లోరియన్ ఆల్బర్ట్ వంటి ప్రపంచస్థాయి ఫార్వర్డ్ ఉన్న జట్టును రెండు గోల్స్‌కే కట్టడి చేయడం నాడు యూరప్ విశ్లేషకులను సైతం ఆశ్చర్యపరచదగిన ఫలితం. రెండవ ఆటలో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. పి.కె. బెనర్జీ గోల్‌తో ఆధిక్యం సాధించినా, చివరి పది నిమిషాలలో ఫ్రాన్స్ స్కోరు సమం చేసింది. మూడవ ఆటలో పెరూ 3-1తో గెలిచింది. పతకం రాకపోయినా, ఐరోపా జట్లతో సమఉజ్జీగా నిలవగలమన్న విశ్వాసం ఆ పర్యటన ఇచ్చింది. అదే విశ్వాసం రెండేళ్ళ తరువాత జకార్తాకు ప్రయాణం కట్టింది.

జకార్తా: రోగశయ్య నుంచి గోల్‌పోస్టుల మధ్యకు

1962 ఆసియా క్రీడలు ఆరంభం నుంచే వివాదగ్రస్తమయ్యాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేసియా అనుమతించలేదు. ఆసియా క్రీడా సమాఖ్యలో ఉన్నత స్థానంలో ఉన్న భారతీయుడు గురుదత్ సోంధీ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టారు. ఫలితంగా జకార్తాలో భారత వ్యతిరేక ఆగ్రహం పెల్లుబికింది. భారత రాయబార కార్యాలయం ఎదుట నిరసనలు చెలరేగాయి. మైదానంలో భారత జట్టు అడుగుపెట్టినప్పుడల్లా గేలి ధ్వనులు మార్మోగాయి.

ఆటలోనూ ఆరంభం అనుకూలించలేదు. మొదటి పోరులో దక్షిణ కొరియా 2-0తో భారత్‌ను ఓడించింది. ఆ తరువాత థాయిలాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచి భారత్ సెమీఫైనల్ చేరింది. అయితే థాయిలాండ్‌తో ఆటలో రక్షణ పంక్తికి వెన్నెముక అయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో మంచం పట్టారు. ఆయన స్థానంలో యువ గోల్ కీపర్ ప్రద్యుత్ బర్మన్ బాధ్యత స్వీకరించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గట్టెక్కింది. గెలిచినా రెండు గోల్స్ సమర్పించుకొన్న ఆ ఆట ఫైనల్ గురించి ఆలోచనలు రేపింది.

శిక్షకుడు రహీం ఎదుట కఠినమైన ప్రశ్న నిలిచింది. సెమీస్ గెలిపించిన జట్టును అలాగే దింపాలా, లేక జ్వరం నుంచి ఇంకా పూర్తిగా తేరుకోని అనుభవజ్ఞుడిని గోల్ ముందు నిలపాలా? ఎదురుగా ఉన్నది ఇదివరకే మనలను ఓడించిన కొరియా. ఎత్తుగా వచ్చే బంతులను అందుకోవడానికి పొడవాటి గోల్ కీపర్ అవసరం. ప్రతికూలంగా అరుస్తున్న లక్షమంది ఎదుట తొణకని మనిషి కావాలి. రహీం తంగరాజ్‌ను ఎంచుకొన్నారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్‌ను రక్షణ పంక్తి నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. రెండు నిర్ణయాలూ సాహసోపేతమైనవే. ప్రత్యామ్నాయ ఆటగాళ్ళు లేని ఆ రోజులలో వారిద్దరిలో ఎవరు కుప్పకూలినా భారత్ పదిమందితో ఆట ముగించవలసి వచ్చేది. ఆ నిర్ణయాలు తీసుకొన్న రహీం సైతం అప్పటికే ఆరోగ్యం క్షీణిస్తున్న మనిషి.

1962 సెప్టెంబరు 4న సెనాయాన్ మైదానం కిక్కిరిసింది. స్టేడియంలో భారత్‌కు మద్దతుగా వినిపించిన కొద్ది గొంతుకలలో పాకిస్తాన్ హాకీ క్రీడాకారుల గొంతుకలు ఉండడం ఆనాటి మరపురాని విశేషం. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ తొలి గోల్ చేశారు. మూడు నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండవ గోల్ సాధించారు. ఇరవై నిమిషాలలోనే 2-0 ఆధిక్యం వచ్చేసింది.

అక్కడి నుంచి గంటకు పైగా సాగినది గోల్ కీపర్ పరీక్ష. ఆధిక్యంలో ఉన్న జట్టుకు సమయం నెమ్మదిగా నడుస్తుంది. వెనుకబడిన జట్టు కోల్పోవడానికి ఏమీ లేనట్టు మీదపడుతుంది. తన ముందు అరుణ్ ఘోష్ వంటి డిఫెండర్లు అడ్డుగోడ కట్టగా, వారిని దాటి వచ్చిన బంతులకు తంగరాజ్ ఎదురు నిలిచారు. ఆట ఇంక ఐదు నిమిషాలలో ముగుస్తుందనగా కొరియా ఒక గోల్ చేసింది. స్కోరు 2-1. మిగిలిన ఆ ఐదు నిమిషాలలో రెండవ గోల్ పడి ఉంటే విజయం చేజారే ప్రమాదం ఏర్పడేది. పడలేదు. చివరి ఈల మోగింది. భారత్ స్వర్ణం గెలిచింది.

ఆ జట్టులో తంగరాజ్‌తోపాటు యూసుఫ్ ఖాన్, బలరాం, అఫ్జల్ వంటి హైదరాబాదీయులు సభ్యులుగా ఉన్నారు. వారందరినీ ఆ స్థాయికి తెచ్చిన రహీం ఆ విజయం తరువాత ఏడాది కూడా జీవించలేదు. క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం ముఖం చూడలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే ఇప్పటికీ చివరి పతకం. ఆ జట్టుకు సారథ్యం వహించిన సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్‌వారే కావడం గమనార్హం.

కలకత్తా వాన, మూడు క్లబ్బులు

సైనిక సేవ ముగిశాక తంగరాజ్ నివాసం కలకత్తాకు మారింది. ఫుట్‌బాల్ పట్ల ప్రేమను మతంలా ఆచరించే ఆ నగరంలో మూడు పెద్ద క్లబ్బుల మధ్య వైరం తరతరాలది. ఆ మూడింటికీ, అంటే మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులకు ఆయన వరుసగా ఆడారు. 1960లలో మొదట మహమ్మడన్, 1963 నుంచి మోహన్ బగాన్, 1965 నుంచి ఈస్ట్ బెంగాల్ ఆయన సేవలు పొందాయి. ఒక క్లబ్బు నుంచి ప్రత్యర్థి క్లబ్బుకు మారిన ఆటగాడిని అభిమానులు అంత తేలికగా క్షమించని నగరంలో మూడు శిబిరాల ఆదరణనూ చూరగొనడం తక్కువ విషయం కాదు.

కలకత్తా లీగ్ ప్రధానంగా వానాకాలంలో జరిగేది. మైదానమంతా బురద, తడిసి బరువెక్కిన బంతి, కాలు నిలవని గోల్ ముంగిలి. ఇతర ఆటగాళ్ళు పరుగెత్తి వేడెక్కుతుండగా గోల్ కీపర్ వానలో నిలబడి ఎదురుచూడాలి. ఎదురుచూసిన ఆ క్షణం వచ్చినప్పుడు రెప్పపాటులో స్పందించాలి. కవాతు మైదానంలో గంటల తరబడి కదలకుండా నిలబడడం నేర్చిన సైనికుడికి ఆ ఓర్పు వెన్నతో పెట్టిన విద్య.

దేశం తరఫున ఆయన సేవలు ఆ దశాబ్దమంతా కొనసాగాయి. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ రన్నరప్‌గా నిలిచినప్పుడు ఆయన జట్టులో ఉన్నారు. ఆసియా కప్‌లో మన దేశానికి నేటికీ అదే అత్యుత్తమ ఫలితం. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడలు ఆయనకు మూడవ ఆసియా క్రీడలు. పదేళ్ళకు పైగా ఒకే స్థానంలో దేశానికి అండగా నిలిచిన ఆయనకు 1967లో కేంద్ర ప్రభుత్వం అర్జున అవార్డు ప్రదానం చేసింది. గోల్ చేసినవారి చుట్టూనే కీర్తి తిరిగే క్రీడలో ఒక గోల్ కీపర్‌కు ఆ గౌరవం దక్కడం విశేషమైన విషయం.

బొకారోలో చివరి మజిలీ

ఆటకు వీడ్కోలు పలికిన తరువాత తంగరాజ్ శిక్షకుడిగా మారారు. ఆయన జీవితంలోని చివరి దశాబ్దాలు నేటి జార్ఖండ్‌లోని ఉక్కు నగరం బొకారోతో ముడిపడ్డాయి. బొకారో ఉక్కు కర్మాగారంలో క్రీడా బాధ్యతలు నిర్వహిస్తూ యువకులకు ఫుట్‌బాల్ నేర్పారు. తాను యువకుడిగా ఉన్నప్పుడు ఉపాధితోపాటు ఆటను ఇచ్చిన రెజిమెంటల్ సెంటర్ వంటిదే, మరో రూపంలో, ఈ ప్రభుత్వరంగ కర్మాగారం. కొలువు భద్రత, మైదానం, శిక్షకుడు ఉంటే ఎక్కడైనా ఆటగాడు తయారవుతాడన్న సంగతి ఆయనకు స్వానుభవం. 2008 నవంబరు 24న ఆయన బొకారోలోనే కన్నుమూశారు.

హైదరాబాద్‌లో పుట్టి, వెల్లింగ్టన్‌లో ఎదిగి, కలకత్తాలో ఆడి, బొకారోలో స్థిరపడిన ఆ జీవితాన్ని సొంతం చేసుకొనే ఊరు ఏదీ పూర్తిగా ముందుకు రాలేదు. ఆయన తొలి బంతి తన్నిన సికింద్రాబాద్ మైదానాలలో ఎన్నో ఇప్పుడు భవనాల కింద కనుమరుగయ్యాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వైభవం చరిత్ర పుటలకే పరిమితమైంది. రెజిమెంటల్ సెంటర్లు డ్యూరాండ్ కప్ గెలిచే కాలం కూడా చాలాకాలం క్రితమే ముగిసింది. ఆటను వృత్తిగా మలచుకొనే దారులు నేడు వేరు. అయితే ఆ కొత్త దారులలో నడిచిన జట్టేదీ జకార్తా స్వర్ణాన్ని మళ్ళీ తేలేకపోయింది.

గోల్ చేసిన నిమిషాన్ని, చేసినవారి పేరును రికార్డు పుస్తకాలు పదిలంగా దాచిపెడతాయి. ఆపిన బంతులకు అలాంటి పద్దు ఉండదు. 1962 ఫైనల్ వివరాలలో 17వ నిమిషం, 20వ నిమిషం నమోదై ఉన్నాయి. కొరియా గోల్ కూడా నమోదై ఉంది. ఆ గోల్ తరువాత, జ్వరం నుంచి లేచి వచ్చిన సైనికుడు ఆఖరి ఈల మోగేదాకా తన చోటు విడువకుండా నిలిచిన ఐదు నిమిషాల గురించి ఆ పట్టికలో ఒక్క అక్షరమూ లేదు. పట్టిక చివరన ఉన్న 2-1 అన్న అంకెలో మాత్రం ఆ ఐదు నిమిషాలూ ఉన్నాయి.